గుడిలో కెమెరా

మా యానాంలో గుట్టు దాగదు. ఊరంతా కలిపి ముప్పై చదరపు కిలోమీటర్లు, 2011 లెక్కల ప్రకారం జనాభా 55,626. వరదల రోజుల్లో ఎవరింటికి పులస వచ్చిందో, దానికి ఎంత పోశారో మధ్యాహ్నానికల్లా వీధి వీధికీ తెలుస్తుంది. ఎవరి అల్లుడు ఎవరింటి ముందు బండి ఆపాడో, ఎవరికి ఫ్రాన్సు నుంచి ఫోను వచ్చిందో, ఎదుర్లంక వారధి మీద ఎవరు ఎవరితో నిలబడి మాట్లాడారో, ఇవన్నీ ఊరుమ్మడి సంగతులే. ఇలాంటి ఊళ్ళో ఉంటూ నిఘా గురించి కొత్తగా బాధపడటమేమిటని మీరు నవ్వుకోవచ్చు. నిజమే. కానీ ఊరి కన్నుకూ కెమెరా కన్నుకూ తేడా ఉందని నాకు ఈ మధ్యనే గట్టిగా తోచింది. ఊరు చూస్తుంది, చెప్పుకుంటుంది, నెలకో రెండు నెలలకో మరిచిపోతుంది. పైగా నన్ను చూసిన మనిషిని నేనూ చూడగలను. కెమెరాకి ఆ రెండూ లేవు.

ప్రైవసీకి తెలుగులో మాటేమిటని ఒక మిత్రుడు అడిగాడు. పత్రికలవాళ్ళు గోప్యత అంటున్నారు. మా అమ్మ అయితే గుట్టు అనేది. ఇంటిగుట్టు లంకకు చేటు అన్న సామెత అందరికీ తెలుసు. అయితే 'గుట్టుగా బతకడం' అన్నప్పుడు ఆ మాటలో దాపరికం కంటే మర్యాద ఎక్కువ ఉంది. ఉన్నదేదో తిని, లేనిది నలుగురికీ చెప్పుకోకుండా, తలుపు చేరవేసుకుని సంసారం చేసుకోవడం. దొంగ దాచేదీ, ఇల్లాలు దాచుకునేదీ ఒకటి కాదని తెలుగువాడికి చట్టం చెప్పక ముందే తెలుసు.

నేను కామర్సు చదివినవాణ్ణి, వేదాంతం చదవలేదు. కాని ముప్పై ఏళ్ళు పైగా గుట్టు కాపాడినందుకే జీతం తీసుకుంటున్నాను. జాతీయ బ్యాంకుల్లో చేరేటప్పుడు విశ్వాసపాత్రతకూ రహస్య పరిరక్షణకూ ప్రమాణపత్రం మీద సంతకం పెట్టాలి. 1970 నాటి బ్యాంకుల జాతీయకరణ చట్టంలోనే, పదమూడో సెక్షనులో, ఆ మాట ఉంది. సంతకం పెట్టిన రోజున అదొక లాంఛనం అనిపిస్తుంది. తరవాత కౌంటరు అవతల నిలబడ్డ మనుషులు దానికి అర్థం చెబుతారు. ఒకావిడ, పొలం పనికి వెళ్ళే మనిషి, ఒకసారి నా బల్ల దగ్గరకి వచ్చి గొంతు తగ్గించి అడిగింది: "బాబుగారూ, డబ్బు కట్టినప్పుడల్లా ఫోనులో మెసేజీ వస్తందండి. ఫోను మావోడి దగ్గరుంటది. అది రాకుండా సెయ్యరా?" కొడుకు తాగుతాడు. ఆవిడ నెలకి వెయ్యో పదిహేను వందలో వేసుకుంటుంది. మోసం జరిగితే ఖాతాదారుకి వెంటనే తెలియాలని పెట్టిన మెసేజీ ఆవిడ పాలిట నిఘా అయి కూర్చుంది. నిఘా అంటే పోలీసులూ ప్రభుత్వాలే అనుకుంటాం గాని, చాలామందికి అది ఇంట్లోనే మొదలవుతుంది.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. చూసేవాళ్ళలో నేనూ ఒకణ్ణి. రిజర్వు బ్యాంకు 2002లో 'మీ ఖాతాదారుని తెలుసుకోండి' అన్న నిబంధనలు తెచ్చింది. మనీ లాండరింగ్ నిరోధక చట్టం 2005 జులై 1న అమల్లోకి వచ్చింది. పది లక్షలు దాటిన నగదు లావాదేవీలన్నీ నెల నెలా ఢిల్లీలోని ఆర్థిక నిఘా విభాగానికి వెళతాయి. అనుమానం వచ్చిన ఖాతా గురించి విడిగా రాస్తాం, అలా రాశామని ఖాతాదారుకి చెప్పకూడదు. ఎదురుగా కూర్చుని టీ తాగుతున్న మనిషి గురించి మధ్యాహ్నం ఓ రిపోర్టు వెళుతుంది. ఇది అవసరం కాదని నేనను. దొంగ డబ్బు తిరగడానికి మా ఊళ్ళాంటి సరిహద్దు ఊళ్ళు ఎంత అనువైనవో చెప్పనక్కరలేదు. కాకపోతే, చూడటం ఒక అధికారమనీ, దానికి హద్దు ఉండాలనీ ఆ కుర్చీలో కూర్చున్నవాడికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

ఈ హద్దు గురించి సుప్రీంకోర్టు చెప్పిన ఒక మంచి తీర్పు మన తెలుగునేల మీద పుట్టిన కేసులోదే. స్టాంపు చట్టానికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1986లో ఒక సవరణ తెచ్చింది. స్టాంపు డ్యూటీ ఎగ్గొట్టారేమో చూడటానికి కలెక్టరు ఎవరినైనా ఎక్కడికైనా పంపి, దస్తావేజులు తనిఖీ చేయించి, అవసరమైతే పట్టుకుపోవచ్చునని దాని సారాంశం. బ్యాంకుల్లో ఖాతాదారులు ఇచ్చిన కాగితాల దాకా ఆ చెయ్యి వచ్చింది. కెనరా బ్యాంకు మీద హైదరాబాదు జిల్లా రిజిస్ట్రారు, కలెక్టరు వేసిన అప్పీలులో 2004 నవంబరులో సుప్రీంకోర్టు ఆ సవరణ చెల్లదన్న హైకోర్టు మాటనే ఖాయం చేసింది. మన కాగితాలు బ్యాంకు చేతిలో పెట్టినంత మాత్రాన వాటి మీద మన గుట్టు పోదని, ఏకాంతపు హక్కు మనిషిని అంటిపెట్టుకుని ఉంటుందిగాని చోటుని కాదని ఆ తీర్పులో తేల్చారు. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకాంతం ప్రాథమిక హక్కు అన్నప్పుడు దేశమంతా మాట్లాడుకుంది. మా బ్యాంకు గుమాస్తాలకు మాత్రం పదమూడేళ్ళ ముందే ఆ వాసన తగిలింది.

సరే, అసలు సంగతికి వస్తాను.

వారధికి అవతల, ఆంధ్రప్రదేశ్ వైపు, ఒక చర్చి ఉంది. ఏ శాఖదో, ఏ ఊరో చెప్పను. గుట్టు గురించి రాస్తూ వాళ్ళ గుట్టు బయటపెట్టడం బాగుండదు. నాకు అక్కడ చుట్టరికం ఉంది. లెక్కలు చూసిపెట్టమని ఏడాదికోసారి పిలుస్తారు, వెళతాను. కిందటేడు వెళ్ళినప్పుడు సంఘ పెద్దలు కెమెరాల విషయం మాట్లాడుకుంటున్నారు. కానుకల పెట్టె ఒకసారి పగిలింది. మైకు యాంప్లిఫయరు పోయింది. పైగా ఆంధ్రప్రదేశ్‌లో 2013లో ప్రజా భద్రతా చట్టం వచ్చింది. ఒకేసారి నూరుమందికి పైన జనం చేరే చోట కెమెరాలు పెట్టాలి, ముప్పై రోజుల బొమ్మలు దాచి ఉంచాలి, పోలీసులు అడిగితే ఇవ్వాలి. దుకాణాలూ ఆస్పత్రులతోపాటు ప్రార్థనా స్థలాలు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. అందుచేత లోపల నాలుగు, బయట రెండు పెడదామన్నారు. ఆరాధన ఫోనుల్లో కూడా చూపిస్తే దుబాయిలో ఉన్నవాళ్ళు చూసుకుంటారని కుర్రవాళ్ళు సంబరపడ్డారు.

అప్పుడొక యువకుడు లేచి, "లోపల వద్దండీ" అన్నాడు. కారణం చెప్పమంటే తల దించుకున్నాడు. ఒక పెద్దాయన నవ్వుతూ, "దేవుడు ఎలాగూ చూస్తానే ఉన్నాడు కదా బాబూ, కెమెరా చూస్తే ఏం పోయిందీ?" అన్నాడు. అందరూ నవ్వారు. కుర్రవాడు నవ్వలేదు.

అతను చెప్పలేనిది అక్కడున్న అందరికీ తెలుసు. గోదావరి జిల్లాల్లో వేలాది కుటుంబాలకు కాగితం మీద ఒక మతం, ఆదివారం ఒక మతం. కాకినాడలో 1874లో కెనడియన్ బాప్టిస్టులు దిగిన నాటి నుంచి మాల, మాదిగ పల్లెల్లో ఎక్కువమంది క్రీస్తు వైపు వెళ్ళారు. 1950లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులకు తప్ప మరొకరికి షెడ్యూల్డు కులం హోదా లేదంది. 1956లో సిక్కుల్నీ, 1990లో బౌద్ధుల్నీ చేర్చారు. క్రైస్తవులూ ముస్లిములూ మిగిలిపోయారు. మా పుదుచ్చేరికి విడిగా 1964లో ఉత్తర్వు వచ్చింది, అందులోనూ అదే షరతు. ఈ విషయం పరిశీలించడానికి కేంద్రం 2022లో జస్టిస్ బాలకృష్ణన్ కమిషను వేసింది. పూర్వం పాలేరుతనం చేసిన ఇంటి బిడ్డ బాప్తిస్మం తీసుకున్న మర్నాడు ఊళ్ళో ఎవరూ అతన్ని కొత్తగా పిలవరు. చెరువు గట్టు మీద పాత కులమే, కలెక్టరు కచేరీలో మాత్రం కొత్త మతం. ఆ ఇరుకులో బతికేవాడికి చర్చి లోపలి కెమెరా అంటే ఏమిటో దుబాయి ఆరాధన గురించి సంబరపడేవాడికి అర్థం కాదు.

ఊరికే భయపడుతున్నాడని అనుకునేందుకు లేదు. రామనాథపురం జిల్లాలో ఒక డాక్టరమ్మ ఉంది. హిందూ షెడ్యూల్డు కులంలో పుట్టింది, క్రైస్తవుణ్ణి పెళ్ళాడింది. అధికారులు ఆమె ఆస్పత్రికి వెళ్ళి గోడ మీద సిలువ చూశారు. మతం మార్చుకుందని కుల ధృవపత్రం 2013లో రద్దు చేశారు. మద్రాసు హైకోర్టు 2021లో ఆ రద్దును కొట్టేసింది. చర్చికి వెళ్ళినంత మాత్రాన, గోడకు సిలువ తగిలించినంత మాత్రాన పుట్టిన మతం వదిలినట్టు కాదని చెప్పి, అధికారుల ఇరుకు బుద్ధిని గట్టిగానే మందలించింది. ఇది ఒక వైపు.

రెండో వైపు మా పుదుచ్చేరిదే. ఒకామె ప్రభుత్వ గుమాస్తా ఉద్యోగానికి షెడ్యూల్డు కులం ధృవపత్రం కోరింది. తండ్రి హిందువు, తల్లి క్రైస్తవురాలు. గ్రామాధికారి విచారణ జరిగింది, చంటిబిడ్డగా ఆమె పొందిన జ్ఞానస్నానం తాలూకు రిజిస్టరు బయటికొచ్చింది, క్రమం తప్పకుండా చర్చికి వెళుతుందని తేలింది. 2024 నవంబరు 26న సుప్రీంకోర్టు ఆమె అప్పీలును తోసేసింది. క్రైస్తవం ఆచరిస్తూ, ఉద్యోగం కోసం హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమేనంది. చట్టం ఉన్నట్టుగా చూస్తే ఆ తీర్పును తప్పుపట్టడం కష్టం. రిజర్వేషను ఉద్దేశం వేరు, వ్యక్తి అవసరం వేరు అన్న వాదన కూడా తీసిపారేసేది కాదు. నా మనసు మాత్రం ఆ రిజిస్టరు దగ్గర ఆగిపోయింది. ఏ ఫాదరుగారో ఒక ఆదివారం పూట చంటిబిడ్డ నుదుట నీళ్ళు పోసి, చెయ్యి తుడుచుకుని, దేవుడి లెక్కలో రాసుకున్న వరస అది. పాతికేళ్ళు దాటాక దాన్ని రెవెన్యూ వాళ్ళు చదివారు. లెడ్జరు రాసేవాడిగా నాకు తెలుసు, ఏ పద్దు అయినా రాసినవాడి ఉద్దేశంతో ఆగదు, చదివేవాడి అవసరం మీద నడుస్తుంది. కాగితం రిజిస్టరు ఒక్కసారి జరిగినదాన్ని చెబుతుంది. కెమెరా అయితే ప్రతి ఆదివారమూ రాస్తుంది.

ఇక పెద్దాయన ప్రశ్న. దేవుడు చూస్తుంటే కెమెరా చూస్తే ఏమిటి? నవ్వి ఊరుకునే ప్రశ్న కాదది. మనలో చాలామందికి చిన్నప్పుడు దేవుణ్ణి ఒక పెద్ద కన్నుగానే పరిచయం చేశారు. ఇంగ్లండులో జెరెమీ బెంథం అనే ఆయన 1791లో ఒక జైలు నమూనా అచ్చువేశాడు. మధ్యలో ఒక బురుజు, చుట్టూ గదులు. బురుజులోవాడు అందరినీ చూడగలడు, వాణ్ణి ఎవరూ చూడలేరు. చూస్తున్నాడో లేదో తెలియక ఖైదీలు బుద్ధిగా ఉంటారని ఆయన లెక్క. ఆ పెద్దాయన చెప్పిన దేవుడు ఆ బురుజులో కూర్చున్నవాడే.

బైబిలు తిరగేస్తే నాకు కనిపించేది వేరు. ఆదికాండంలో హాగరు అనే దాసి యజమానురాలి కష్టాలు పడలేక గర్భంతో ఎడారికి పారిపోతుంది. ఊటబావి దగ్గర దేవుని దూత పలకరిస్తాడు. అప్పుడామె దేవుడికి 'నన్ను చూసేవాడు' అని పేరు పెడుతుంది. ఆ గ్రంథంలో దేవుడికి ఒక మనిషి పేరు పెట్టడం, అదీ ఒక పరాయిదేశపు దాసి పెట్టడం, చూడండి. ఎవరూ మనిషిగా లెక్కపెట్టని ఆమెను ఒకరు పేరు పెట్టి పిలిచి, ఎక్కడి నుంచి వస్తున్నావని అడిగారు. ఏ కెమెరా అలా అడుగుతుంది?

జనాన్ని లెక్కపెట్టడం గురించి కూడా అందులో ఉంది. దావీదు రాజు సేనకు పనికొచ్చేవాళ్ళ లెక్క తీయమంటాడు. సేనాపతి యోవాబు మంచివాడేమీ కాదు, చేతికి చాలా నెత్తురే ఉంది, అయినా వాడు కూడా ఇదెందుకు ప్రభూ అని అడ్డు చెబుతాడు. తొమ్మిది నెలల ఇరవై రోజులు తిరిగి ఇశ్రాయేలు ఎనిమిది లక్షలు, యూదా ఐదు లక్షలు అని లెక్క తెస్తారు. లెక్క చేతికి వచ్చాక దావీదు మనస్సు కొట్టుకుంటుంది. మా వృత్తివాళ్ళకు ఇది కొంచెం ఇబ్బందికరమైన కథ. లెక్క తప్పు కాదు, అదే బైబిల్లో దేవుడే లెక్క తీయమన్న సందర్భాలున్నాయి. ఎవరి ప్రజల్ని ఎవరు తమ సొత్తుగా లెక్కపెట్టుకుంటున్నారన్నదే అక్కడి గొడవ అని నేననుకుంటాను.

దానియేలు కథ మాత్రం మన కుర్రవాడికి అనుకూలం కాదు. రాజుకు తప్ప మరెవరికీ మొక్కకూడదని శాసనం వచ్చిందని తెలిసీ, ఆయన కిటికీలు తెరుచుకుని రోజుకు మూడుసార్లు ప్రార్థించాడు. మంత్రులు పొంచి ఉండి పట్టుకున్నారు. ప్రార్థన మీద నిఘా అంటే నాకు తెలిసినంతలో అదే మొదటి కేసు. ఈ కథ చెప్పి, మీరెందుకు దాక్కుంటారని రహస్య విశ్వాసుల్ని వేదిక మీద నుంచి చివాట్లు పెట్టే బోధకుల్ని విన్నాను. వాళ్ళలో కొందరి పిల్లలకు రిజర్వేషను అవసరమే లేదు, ఆ సంగతి అలా ఉంచుదాం. దానియేలు తన కిటికీ తాను తెరిచాడు. పక్కింటివాడి కిటికీ తెరవలేదు.

నీకొదేము సంగతి వాళ్ళు అంతగా చెప్పరు. పరిసయ్యుడు, పెద్ద హోదా ఉన్నవాడు, రాత్రిపూట యేసు దగ్గరకు వచ్చాడు. పగలు రమ్మని ఆయన తిప్పి పంపలేదు. కూర్చోబెట్టి, కొత్తగా పుట్టడం గురించి, అంతకు ముందు ఎవరికీ చెప్పనంత లోతుగా చెప్పాడు. చివరికి సిలువ మీద నుంచి దేహం దించే వేళకు పగలల్లా వెంట తిరిగిన శిష్యుల్లో చాలామంది లేరు. యూదులకు భయపడి రహస్యంగా నమ్మిన అరిమతయియ యోసేపు వెళ్ళి పిలాతును అడిగాడు, నీకొదేము నూరు శేర్ల పరిమళ ద్రవ్యాలు మోయించుకొచ్చాడు. ఎప్పుడు వెలుగులోకి రావాలో ఆ ఇద్దరే నిర్ణయించుకున్నారు. ఆ రాత్రి యేసు ఇంటి గుమ్మం మీద ఒక కెమెరా ఉండి ఉంటే నీకొదేము వచ్చేవాడా?

మేం కతోలికులం. మా సంప్రదాయంలో గుట్టుకు పెద్ద పీట ఉంది. పాపసంకీర్తనంలో విన్నది గురువు బయటపెట్టకూడదన్న నియమాన్ని 1215 నాటి లాతెరాను మహాసభ రాసిపెట్టింది. ఇప్పటి ధర్మశాస్త్రం 983వ నిబంధనలోనూ అదే ఉంది. అదే శాస్త్రంలో 220వ నిబంధన, ఎవరి మంచి పేరునూ ఏకాంతాన్నీ అక్రమంగా భంగపరచరాదంటుంది. రెండో వాటికన్ మహాసభ 1965లో మనిషి హక్కుల వరసలో ఏకాంత రక్షణను కూడా చేర్చింది. మన సుప్రీంకోర్టు 2017లో చెప్పినదానికి అర్ధశతాబ్దం ముందు.

కాని ఇది చెప్పి ఊరుకుంటే సగమే చెప్పినట్టు. గుట్టు పేరు మీద జరిగిన అన్యాయాలకు మా ఊరే సాక్షి. 1929లో శారదా చట్టం వచ్చి, 1930 ఏప్రిల్ నుంచి బ్రిటిషు ఇండియాలో బాల్య వివాహాలు నేరమయ్యాయి. ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న యానాంలో ఆ చట్టం లేదు. దాంతో చుట్టుపక్కల జిల్లాల నుంచి పల్లకీలూ మేళతాళాలతో ఇక్కడికొచ్చి, పసిపిల్లలకు పెళ్ళిళ్ళు చేసుకుని పోయేవారు. మా ఊరికి కల్యాణపురం అన్న పేరు అలా కూడా పడింది. సర్కారు కన్ను పడని చోటు ఆ పిల్లలకు మేలేమీ చెయ్యలేదు. చర్చిలో పిల్లల మీద జరిగిన అఘాయిత్యాలూ ఇలాంటి చాటునే పెరిగాయి. పోపు ఫ్రాన్సిస్ 2019 డిసెంబరులో అలాంటి కేసుల్లో పోపు కార్యాలయపు రహస్య నియమాన్ని ఎత్తేశారు, మంచి పని చేశారు. మన దేశంలో 2012 పోక్సో చట్టం, తెలిసినవాడు ఫిర్యాదు చెయ్యకపోతే అదే నేరమంటుంది. బలహీనుడి గుట్టునూ బలవంతుడి చాటునూ ఒకే తక్కెడలో వెయ్యలేం. మా ఖాతాల్లోనూ అంతే, పొలం కూలీ ఆడమనిషి మెసేజీ ఆపమనడం వేరు, పది లక్షల నగదు పట్టుకొచ్చి పేరు రాయవద్దనడం వేరు.

ఆ రోజు సంఘంలో ఇదంతా నేను ఉపన్యసించలేదు. లెక్కలు చూడ్డానికి వచ్చినవాణ్ణి. పాస్టరుగారు నావైపు తిరిగి, "మీ బ్యాంకులో ఎలా పెడతారండీ?" అని అడిగారు. అంత మటుకే చెప్పాను. నగదు ఉన్న చోటా, గుమ్మం దగ్గరా పెడతాం. ఖాతాదారు ఏటీఎంలో నంబరు నొక్కే చోటి మీదికి కెమెరా తిరగకూడదు. రికార్డు పెట్టె తాళం ఎవరి దగ్గరుందో పుస్తకంలో రాసి ఉంటుంది. ఎవరైనా అడిగితే నోటిమాట మీద ఇవ్వం, కాగితం తెమ్మంటాం.

గంటన్నర వాదించుకున్నారు. దుబాయి ఆరాధన విషయంలో కుర్రవాళ్ళు చాలా సేపు తగ్గలేదు. వేదికను మాత్రమే చూపించి, కూర్చున్నవాళ్ళ మీదికి ఫోను తిప్పకూడదని ఒప్పుకున్నారు. ఒక కెమెరా గేటు బయట రోడ్డు వైపు, ఒకటి కానుకల పెట్టె పెట్టే చిన్న గదిలో. లోపల ఏదీ లేదు. చట్టం ప్రకారం అది చాలుతుందో లేదో వకీలును అడగాలన్నారు, అడిగారో లేదో నాకు తెలియదు. పెద్దాయనకు మాత్రం నచ్చలేదు. "దాక్కునేవాడికి రాజ్యం దొరకదు" అని గొణుక్కుంటూ చెప్పులు వేసుకున్నాడు.

కుర్రవాడు నన్ను బస్సు దాకా దింపాడు. దారిలో కెమెరా మాట ఎత్తలేదు. గ్రూపు పరీక్షలకు చదువుతున్నాడట, అకౌంటెన్సీలో తరుగుదల లెక్కలు అర్థం కావడం లేదన్నాడు. యానాం రా బాబూ, ఆదివారం సాయంత్రం ఖాళీగానే ఉంటాను, చెబుతానన్నాను. ఇప్పటికి నాలుగుసార్లు వచ్చాడు.